అద్దంలో కనపడని మాట

ప్రియమైన అక్కకు,

నువ్వు ఫోను చేసినప్పుడల్లా "సెలూన్‌లో రద్దీగా ఉందక్కా" అని పెట్టేస్తున్నానని కోపంగా ఉన్నావట. రద్దీ లేదు, నా మొహం లేదు. ఫోనులో నీ మాట నాకు వినపడడం లేదు. అందుకే ఈ ఉత్తరం.

నా చెవులు కొన్నేళ్ళుగా మందగిస్తూ వచ్చాయి. బయట ఎవరికీ తెలియనివ్వలేదు. కుర్చీలో కూర్చున్నవాడి పెదాలు ఎదురుగా అద్దంలో కనపడతాయి కదా, వాటిని చూసి నెట్టుకొచ్చాను. తల వంచి మెడ వెనక కత్తిరించేటప్పుడు మాత్రం అవతలివాడికి సందివ్వకుండా నేనే వాగుతాను. దాంతో నాకు వసపిట్ట అని పేరు పెట్టారు. వాగడం నాకు సరదా అనుకుంటున్నారు పిచ్చివాళ్ళు! సాయంత్రానికి గొంతూ పోతుంది, కళ్ళూ పోతాయి. మనుషుల పెదాలు చూసి చూసి అలిసిపోయానక్కా.

మొన్న లెక్కల మాస్టారు గడ్డం గీయించుకోవడానికి వచ్చారు. ఆయన మొహం మీద వేడి తువ్వాలు కప్పి కత్తి సిద్ధం చేసుకుంటున్నాను. తువ్వాలు కింద ఆయన ఏదో చెబుతున్నారు. గుడ్డ కదలడం కనపడుతోంది గానీ మాట అందడం లేదు. ఎప్పటిలాగే "చాలా సంతోషం మాస్టారూ! మంచి మాట చెప్పారు!" అనేశాను. పక్క కుర్చీ దగ్గర పనిచేసే నా భాగస్తుడి మొహం చూశాక ఏదో అయిందని తెలిసింది. "మాస్టారి భార్య పోయారట" అన్నట్టు అతని పెదాలు కదిలాయి. మాస్టారు తువ్వాలు తీసి, మడిచి నా చేతిలో పెట్టి, మాసిన గడ్డంతోనే వెళ్ళిపోయారు. నాకు తల తీసేసినట్టయింది.

ఇంట్లోనూ అంతే. ఇదివరకు నీ మరదలు ఒక మాట రెండుసార్లు చెప్పి, మూడోసారికి "ఏం లేదులెండి" అనేది. ఇప్పుడు ఆ రెండుసార్లు కూడా లేవు. చెవికి మిషను పెట్టించుకోమని పోరి పోరి ఊరుకుంది. "చెవిటివాడి కత్తి కింద గొంతు ఎవడు పెడతాడే?" అని ఎగిరాను. సెలూన్ భాగస్తుడికి అప్పగించేసి నీ దగ్గరికి వచ్చేస్తాను. నాతో మాట్లాడడం మానేసిన ఇంట్లో ఎలా ఉండను? ఆమెకింకా చెప్పలేదు. మీ మేడ మీద గది ఖాళీగానే ఉందా?

నీ తమ్ముడు

*

ఒరే తమ్ముడూ,

గది ఖాళీగానే ఉంది. కానీ ఆ చెవులు వేసుకునే కదా వస్తావు! నీ ముందు గొంతు చించుకునే ఓపిక నాకూ లేదు, మీ బావకూ లేదు. కళ్ళజోడు లేకుండా కత్తెర పట్టగలవా? దానికి లేని సిగ్గు చెవి మిషనుకెందుకురా? ముందు వెళ్ళి చెవులు చూపించుకో. ఆ తర్వాత కూడా రావాలనిపిస్తే స్టేషనుకు నేనే వస్తాను.

అక్క

*

అక్కా,

నీ తిట్లు పనిచేశాయి. నేను రావడం లేదు.

చెవులు పరీక్షించే అమ్మాయి నన్నో చిన్న గదిలో కూర్చోబెట్టి రకరకాల చప్పుళ్ళు వినిపించింది. "సన్నటి శబ్దాలు బాగా పోయాయండీ. అందుకే ఎవరో మాట్లాడుతున్నట్టు తెలుస్తుంది, మాట మాత్రం అర్థం కాదు" అంది. రెండు చెవులకూ మిషన్లు పెట్టింది. ఆ రోజు నరకం చూశాననుకో. కుళాయి, చెప్పులు, కాగితాలు, అన్నీ కట్టగట్టుకుని మీద పడ్డాయి. నా కత్తెర ఇంత మోత మోగుతుందని నాకే తెలియదు! మర్నాడు వెళ్ళి గోల పెట్టాను. "ఇవి పోయిన చెవుల్ని తెచ్చివ్వవండీ, సాయం చేస్తాయంతే. మీ మెదడు ఈ చప్పుళ్ళు మరిచిపోయింది, మళ్ళీ అలవాటు పడాలి. ముందు ఇంట్లో, గొడవ లేనప్పుడు కాసేపు కాసేపు పెట్టుకోండి" అని, మోత కొంచెం తగ్గించి పంపింది. ఇప్పటికీ సెలూన్ నిండా జనం ఉంటే సగం మాటలు జారిపోతున్నాయి. అలసట పోలేదు, తగ్గింది.

మాస్టారింటికి వెళ్ళాను. "నాకు చెవుడు మాస్టారూ. ఆవేళ మీ మాట నేను వినలేదు" అన్నాను. ఆయన కుర్చీ జరిపి, "కూర్చో, మళ్ళీ చెబుతాను" అన్నారు. మొదటినుంచీ చెప్పారు. అంతా విని, గడ్డం అక్కడే గీసి వచ్చాను.

ఇక నిన్నటి సంగతి. ముందు గదిలో వీధి వైపు తిరిగి కూర్చుని క్లిప్పరుకు నూనె వేస్తున్నాను. మిషన్లు అప్పుడే పెట్టుకున్నాను, ఆమె గమనించలేదు. నీ మరదలు నా వెనక బట్టలు మడతపెడుతోంది. సన్నగా మాటలు వినపడ్డాయి. ఎవరితోనో ఫోనులో మాట్లాడుతోంది కాబోలు అనుకున్నాను. కాదు.

"ఈ చొక్కా కాలరు మళ్ళీ చిరిగిందండీ. ఇంకొక్కసారి కుట్టి చూస్తాను. మెట్లెక్కితే ఆయాసం వస్తోందని మొన్న చెప్పానుగా, తగ్గలేదు. డాక్టరు దగ్గరికి ఒక్కదాన్నే వెళ్ళాలంటే భయమేస్తోంది. మీరు కూడా వస్తే బాగుండు."

నా వీపుతో చెబుతోందక్కా. జవాబు కోసం ఆగడం కూడా లేదు. ఆమె నాతో మాట్లాడడం ఏనాడూ మానలేదు. నాకు వినపడదని తెలిసీ రోజూ చెబుతూనే ఉంది. నేనెంత మూర్ఖుణ్ణి!

వెనక్కి తిరగడానికి మొహం చెల్లలేదు. అలాగే కూర్చుని, "రేపు సెలూన్ తీయను. పొద్దున్నే వెళదాం" అన్నాను.

ఎంతకీ ఏ చప్పుడూ లేదు. మిషన్లు ఆగిపోయాయేమో అనుకున్నాను. తర్వాత ఏడుపు వినపడింది.

ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను. ఆమె నా పక్కనే ఉంది. "ఎవరికండీ?" అని మామూలు గొంతుతో అడిగింది. "అక్కకు" అన్నాను. ఇంతలో లోపలి నుంచి ఆమె పేరు పిలిచారు. ముందు నేనే విని లేచాను.

ఉంటాను మరి,
నీ తమ్ముడు