ఐస్‌లాండ్ దొరసాని

సాంతా క్లారా,
మంగళవారం.

అమ్మకు,

నీ పెద్దకూతురు నెరెయిదా నమస్కరించి రాసేది. ఇక్కడ నేనూ, నీ అల్లుడూ, పిల్లీ, కుక్కా అందరం క్షేమం. క్షేమంగా లేనిది కరెంటు ఒక్కటే. అక్కడ నువ్వూ, నీ బీపీ, కిటికీ దగ్గర నీ కుర్చీ అన్నీ కులాసాగా ఉన్నాయని తలుస్తాను.

బస్సు డ్రైవరు చేత పంపిన పీతల కూర అందింది. దారిలో వాడు రెండు లాగించాడని నా అనుమానం. లేదని ఒట్టేస్తున్నాడు గానీ మీసాలనిండా వెల్లుల్లి వాసన. నీ అల్లుడు ఎవెలియో మోకాలు ఎలా ఉందని అడిగావు. డొమినో ఆటకి వెళ్ళేటప్పుడు అసలు నొప్పే లేదు, నీళ్ళ బకెట్టు ఎత్తమంటేనే వస్తోంది. నేను వేళకి తింటున్నానా అని కూడా అడిగావు. ఈ వయసులో ఇంకా ఆ ప్రశ్నేంటమ్మా! తింటున్నాను.

ఇక నీ అసలు ప్రశ్న. "ఆ పచ్చ బోర్డు నోరు విప్పిందా లేదా? ముగ్గురు కలిసి ఇన్నాళ్ళూ ఏం వెలగబెడుతున్నారు?" రాసింది పక్కింటి ఒడాలిసే అయినా మాట మాత్రం నీదే, చదువుతుంటే గొంతు వినబడింది. విప్పిందమ్మా, విప్పింది! ఎలా విప్పిందో చెప్పాలంటే మాత్రం నువ్వు కూర్చోవాలి. ఒడాలిస్, నువ్వూ కూర్చుని చదువు, కాఫీ పొయ్యి మీద పెట్టి వస్తాననకు.

ఇక్కడి ప్రసూతి ఆసుపత్రిలో నెలలు నిండని పిల్లల్ని వెచ్చగా ఉంచే గాజు పెట్టెలు ఉన్నాయి కదా, ఇంక్యుబేటర్లు. మూడున్నాయి. వేడి ఎంత ఉండాలో చూసుకునే కార్డు ఒకదానిలో పూర్తిగా కాలిపోయింది, మిగతా రెండూ ఇవాళో రేపో అన్నట్టున్నాయి. ఆంక్షల వల్ల బయటినుంచి కొత్త కార్డులు రావు. అందుకని మా రిపేరు వర్క్‌షాప్‌లో మేమే కొత్తవి చేస్తామన్నాం. మేమంటే నేనూ, ఓస్మెల్, యూసిమీ. ఓస్మెల్ నీకు తెలుసు, సోల్డరింగ్ చేస్తూ అందర్నీ ఆటపట్టించే ముసలాడు. యూసిమీ పాలిటెక్నిక్‌లో నా స్టూడెంటు, ఇప్పుడు మాకు ప్రోగ్రాములు రాస్తుంది. పిల్ల బంగారం, నోరు తుపాకి.

మెక్సికో నుంచి వచ్చిన ప్రొఫెసరమ్మ వెళుతూ వెళుతూ తన పెట్టెలోంచి మూడు పచ్చ బోర్డులు తీసి మా చేతిలో పెట్టింది. చిప్పులు చేసే కంపెనీవాళ్ళు, కొనేముందు పరీక్షించి చూసుకోండని ఇచ్చే బోర్డులవి. మా పనికి అచ్చుగుద్దినట్టు సరిపోతాయి. కానీ ఆ చిప్పుతో పని చేయించాలంటే కంపెనీ తయారుచేసిన సాఫ్ట్‌వేర్ మూట ఒకటి కావాలి, కిట్ అంటాం. అది వాళ్ళ వెబ్‌సైటులో ఉచితంగానే ఇస్తారు. పేరు, పనిచేసే చోటు, దేశం రాస్తే చాలు.

దేశాల జాబితా తెరిచాం. భూమ్మీద ఉన్న దేశాలన్నీ ఉన్నాయమ్మా, నేను పేరు కూడా వినని దీవులు ఉన్నాయి. మనం లేం. సరే, ఎక్కడా లేమా అని కిందికి చూస్తే ఒక చిన్న గడి, దాని పక్కన ఒక వాక్యం. "నేను ఈ కింది దేశాలలో నివసించడం లేదు" అని. ఆ కింద, ఆంక్షలున్న దేశాల వరసలో మాత్రం మన దేశం పేరు శుభ్రంగా ఉంది. ఆ గడిలో టిక్కు పెడితేనే కిట్ దిగుతుంది.

"టీచర్, ఐదు నిమిషాల పని," అంది యూసిమీ. "నా ఫోన్లో దారి మళ్ళించే ప్రోగ్రాం ఉంది. మనం ఏ దేశంలో ఉన్నామంటే ఆ దేశంలో ఉన్నట్టే. ఊళ్ళో అందరూ చేసేదే."

"నేను చెయ్యను. నువ్వూ చెయ్యొద్దు."

"ఎందుకు?"

"ఎందుకంటే నేను ఇక్కడే ఉన్నాను. కళ్ళు కనబడట్లేదా?"

ఓస్మెల్ తల కూడా ఎత్తకుండా అన్నాడు: "వదిలెయ్ యూసిమీ. ఆవిడ పీతల ఊరు కైబరియెన్ మనిషి. పీత పట్టు పట్టిందంటే డెక్క ఊడాల్సిందే గానీ వదలదు."

అమ్మా, ఆ పట్టు నాకు ఎక్కడిదో నీకు తెలియదా? వరదేరోలో ఆ హోటలు మెట్ల మీద నేను నీ పక్కనే ఉన్నాను. ఆ రోజుల్లో విదేశీయుల్ని తప్ప మనవాళ్ళని లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు. స్పెయిన్ నుంచి వచ్చిన నీ పినతండ్రి కొడుకు లోపల ఉన్నాడు, మర్నాడు పొద్దున్నే వెళ్ళిపోతాడు. రిగో మామయ్య చెవిలో చెప్పాడు: "అక్కా, నోరు విప్పకు. ఆ టోపీలో నిన్ను చూసి విదేశీ ఆవిడే అనుకుంటారు." నువ్వు గేటు దగ్గరివాడి మొహంలోకి చూసి, వీధి వీధంతా వినబడేలా, "కైబరియెన్, పీతలు పట్టేవాళ్ళ అమ్మాయిని!" అన్నావు. వాడు లోపలికి పంపలేదు. నువ్వు మళ్ళీ ఆయన్ని చూడనే లేదు. నాకు ఆ రోజు సిగ్గేసింది. తిరుగు బస్సులో నువ్వన్నావు: "ఊరు చెప్పుకోలేనివాడికి ఇంటిపేరు ఎందుకే?" ఆ సిగ్గు తర్వాత గర్వమైంది. దానిమీదే నేను ఇన్నేళ్ళు నడిచాను.

అందుకని మిగతా దారులన్నీ తొక్కాం. కంపెనీకి ఉన్నదున్నట్టు రాశాను, ఇంక్యుబేటర్ల సంగతి, పిల్లల సంగతి. ఎంతో మర్యాదగా "చింతిస్తున్నాం" అని జవాబొచ్చింది. ప్రొఫెసరమ్మ తన దగ్గరున్న కిట్ పంపింది, తీరా చూస్తే అది వేరే చిప్పుది. వారంవారం హార్డ్ డిస్కులో సినిమాలు తెచ్చి అమ్మే కుర్రాణ్ణి కూడా అడిగింది యూసిమీ. "కిట్లూ గిట్లూ లేవక్కా, టర్కీ సీరియల్ కొత్తది వచ్చింది, ఎక్కించనా?" అన్నాడట. ఎక్కించుకుంది కూడా.

చివరికి మేమే రాద్దామన్నాం. చిప్పు గురించి కంపెనీ వేసిన లావుపాటి పుస్తకం మాత్రం దొరికింది. కరెంటు ఉన్నప్పుడు కంప్యూటరు ముందు, లేనప్పుడు గుమ్మంలో వెలుతురుకి కాగితాల మీద. ఒకరోజు మధ్యాహ్నం యూసిమీ కెవ్వున అరిచింది. ఏ ఎలుకో అనుకుని ఓస్మెల్ చీపురు పట్టుకుని పరిగెత్తాడు. ఎలుక కాదు. బోర్డు మీద చిన్న దీపం వెలుగుతూ ఆరుతూ ఉంది! ఎవరి కిట్టూ లేకుండా, మా పిల్ల రాసిన నాలుగు వరుసలతో. నేనూ ఓస్మెల్ చీపురుతో సహా డాన్సు చేశాం. ఆ రోజు నా గర్వం నీకు చెప్పలేను.

కానీ దీపం వెలిగితే పిల్లకి వెచ్చదనం రాదు కదా. వేడిని కొలిచే భాగం ఆ చిప్పులో ఎంతకీ నిజం చెప్పేది కాదు. ఒకసారి చల్లగా ఉంటే వేడి అనేది, ఇంకోసారి వేడిగా ఉంటే చల్లన అనేది. దాన్ని ఎలా సరిచేయాలో పుస్తకంలో లేదు, ఆ కిటుకు కిట్‌లోనే ఉంది. యూసిమీ కళ్ళ కింద నలుపు వచ్చేసింది. నన్ను ఒక్క మాట అనలేదు. అననందుకే నాకు ఎక్కువ బాధేసింది.

అంతలో ఆసుపత్రిలో రెండో పెట్టె కూడా పోయింది. నర్సు సెనైదా కబురు పెడితే పరిగెత్తాను. మిగిలిన ఒక్కదానిలో ఇంకో పిల్లాడున్నాడు, మరీ చిన్నవాడు. రెండోదాంట్లోంచి తీసిన పాపని తల్లి గుండెల మీద, చొక్కా లోపల పెట్టారు. తల్లి లెయిదానిస్, కమహువానీ ఊరి పిల్ల, పంతొమ్మిదేళ్ళుంటాయి. ఊపిరి గట్టిగా పీల్చినా పాప జారిపోతుందేమోనని బిగుసుకుని కూర్చుంది. నన్ను చూసి మెల్లిగా అడిగింది:

"మీరేనా అమ్మా మిషను బాగుచేసేవాళ్ళు? ఏం తక్కువైంది? మా ఆయన ఎక్కడున్నా వెతికి తెస్తాడు."

ఏం చెప్పమంటావు? ఒక టిక్కు తక్కువైందమ్మాయ్, అది నా చేతిలోనే ఉంది అని ఎలా చెప్పను? చూస్తానన్నాను. డాక్టరమ్మ నన్ను పక్కకి తీసుకెళ్ళి, "ఈ పిల్లలిద్దరూ బాగానే ఉన్నారు, కానీ ఎల్లకాలం ఇలా కుదరదు, ఈ రాత్రి ఇంకో బిడ్డ పుడితే ఎక్కడ పెట్టను?" అంది.

అమ్మా, ఇక్కడిదాకా తిప్పి తిప్పి చెప్పాను. ఇక చెప్పాల్సింది చెప్తాను. ఒడాలిస్, గొంతు తగ్గించకుండా చదువు.

వర్క్‌షాప్‌కి తిరిగి వచ్చాను. యూసిమీ ఫోన్ అడిగి తీసుకుని, నువ్వు భోజనానికి పో అన్నాను. ఈ పని ఆ పిల్ల చేత చేయించదలచుకోలేదు. ఫోన్‌ని కంప్యూటరుకి తగిలించి, దేశాల జాబితా తెరిచి, కళ్ళు మూసుకుని ఒక దేశం మీద వేలు పెట్టాను. ఐస్‌లాండ్ వచ్చింది. చెమట కళ్ళలోకి కారుతుంటే, కింద గడిలో టిక్కు పెట్టాను. నేను ఈ దేశంలో లేనని చెప్పాను.

కిట్ దిగడం మొదలైంది. సగంలో కరెంటు పోయింది. వచ్చాక మళ్ళీ మొదటికి, మళ్ళీ అదే గడి, అదే టిక్కు. ఈసారి ఇంటర్నెట్ తెగిపోయింది. మూడోసారి టిక్కు పెడుతుంటే నాకు కోడి కూసేలోగా ప్రభువుని మూడుసార్లు ఎరగనన్న పేతురు గుర్తొచ్చాడు. సరిగ్గా అప్పుడు నా వెనక నుంచి,

"కొక్కొరొకో!"

ఓస్మెల్! ఎప్పుడొచ్చాడో, ఎంతసేపటినుంచి చూస్తున్నాడో. స్క్రూడ్రైవరు ఉంటే విసిరేదాన్నే. వాడి మొహం చూసి నవ్వొచ్చింది, నవ్వుతూనే ఏడుపొచ్చింది. ఆపుకోలేకపోయాను. వాడు స్టూలు లాక్కుని పక్కన కూర్చుని, "ఏడవకు దొరసానీ, మీ ఐస్‌లాండ్‌లో కన్నీళ్ళు గడ్డకడతాయట," అన్నాడు. తర్వాత నవ్వు ఆపి, "నీ స్థానంలో నేనుంటే మొదటిరోజే పెట్టేవాణ్ణి. కానీ నాకైతే అందులో పోయేదేం లేదు, నెరెయిదా," అన్నాడు. కిట్ పూర్తిగా దిగేదాకా లేవలేదు.

ఆ తర్వాతంతా పనే. వేడి కొలిచే భాగం దారికొచ్చింది. మిగతాదంతా యూసిమీ రాసిందే, ఒక్క వరుస మార్చలేదు. పెట్టెలో నీళ్ళ సంచులు పెట్టి, తీసి, తలుపు తెరిచి, మూసి, కరెంటు పోయి వచ్చినప్పుడు ఏం చేస్తుందో చూసి చూసి, డాక్టరమ్మ సరేనన్నాకే పాపని పడుకోబెట్టాం. లెయిదానిస్ అప్పుడు రెండు చేతులూ పైకెత్తి ఒళ్ళు విరుచుకుంది చూడు, నీరసమంతా దిగిపోయినట్టు. పాప గాజు లోపల హాయిగా నిద్రపోయింది. ఇప్పుడు మూడు పెట్టెలూ మా కార్డులతోనే నడుస్తున్నాయి. నేను మాత్రం ఆసుపత్రి అంతటికీ ఐస్‌లాండ్ దొరసానిని అయిపోయాను.

ఇది ఎలాగోలా నీకు చెప్పకుండా దాటేద్దామనుకున్నాను. కానీ నిన్న రేడియోవాళ్ళొచ్చారు. మైదెలీన్ అని కొత్తమ్మాయి మైకు పెట్టి అడిగింది: "సాఫ్ట్‌వేర్ మీకు ఎక్కడిది?" వెనకాల మా డైరెక్టరు, అంతా మనమే చేశామని చెప్పు చెప్పు అని చేతులూపుతున్నాడు. అంతా చెప్పేశానమ్మా. మేం ఏం రాశామో, ఏం రాయలేకపోయామో, మిగతాది ఎలా తెచ్చానో. ఆ పిల్ల యంత్రం ఆపేసి, "అత్తా, ఈ ముక్క తీసేయనా? రేపు మీకేమన్నా తలనొప్పి రావచ్చు," అంది.

"వద్దు," అన్నాను. "అది తీస్తే మిగతాది కూడా తీసేయ్. మా అమ్మ వింటుంది."

ఆదివారం పొద్దున వార్తల తర్వాత వేస్తారు. మీ వీధిలో అందరూ వింటారు. ఎవరో ఒకరు నీ గుమ్మంలోకి వస్తారు, "ఏమ్మా, నీ కూతురు మన దేశం కాదని చెప్పిందిటగా" అని. నీకు తలవంపులుగా ఉంటే రేడియో కట్టెయ్. నేనేమీ అనుకోను. అబద్ధం, అనుకుంటాను గానీ పైకి అనను.

నీకు మనసొప్పితే మాత్రం ఇలా చెప్పమ్మా. "అవును, కాదంది. మూడుసార్లు కాదంది. ఈ దేశపు బిడ్డ కోసం తను ఈ దేశమే కాదనగలిగింది నా కూతురు ఒక్కతే" అని చెప్పు. కిటికీ తెరిచిపెట్టి చెప్పు.

ఇట్లు,
కైబరియెన్‌లో పీతలు పట్టేవాళ్ళ మనవరాలు,
నీ కూతురు
నెరెయిదా