బండిలో మూడో ఫోన్

పూణె నుంచి.

లక్ష్మక్కకు తమ్ముడు సాయిలు దండం పెట్టి రాస్తున్నది. నేను ఇక్కడ బాగానే ఉన్నాను. మీరందరూ బాగున్నారా? చిన్నమ్మ దగ్గు తగ్గిందా? మనూర్ వైపు వాన పడిందా? ఇక్కడ ఒకటే ముసురు, బట్టలు ఆరడం లేదు. ట్యాక్సీ షెడ్డులో కరెంటు కార్లు కడుగుతాను, చార్జింగు పెడతాను. జొన్న రొట్టె దొరుకుతుంది గానీ, దాంతో ఇచ్చే కారం పసిపిల్లలకు చేసినట్టుంటుంది. వీలైతే ఎల్లిపాయ కారం పంపు. బాగానే ఉన్నాను, రంది పడకు.

ఫోనుండగా ఉత్తరమెందుకని నవ్వుతావు. మూడుసార్లు ఫోన్ చేశాను. బావ "మళ్ల షురూ చేసిండు నీ తమ్ముడు" అని పెట్టేశాడు. నువ్వేమో స్పీకరు పెట్టి వాడకట్టంతా నవ్వించావు. తప్పు మీది కాదు. పుట్టినప్పటి నుంచి నేను నిజం చెప్పిన రోజులు తక్కువ. అందుకే చేత్తో రాసి, నువ్వు సంతకం చేసి తీసుకునేటట్టు రిజిస్టరు పోస్టులో వేస్తున్నాను. బావకు చదివి వినిపించు.

ముందు నా తప్పు. ఇక్కడ బావకు కిరాయిలకు తిప్పుకోను పాత కరెంటు కారు కొనిపించినప్పుడు, యాప్‌తో బండికి కలిపి ఉన్న పాత ఓనర్ ఫోన్‌ను తీసేయిస్తామనీ, ఒక పూట పడుతుందనీ అమ్మిన షాపాయన అన్నాడు. నడిచే బండిని గెలకడం దేనికని నేనే వద్దన్నాను. హారన్, ఏసీ దూరం నుంచే నడిపే ఆ యాప్‌లో బావ ఫోన్‌తో పాటు నా ఫోన్ కూడా ఎక్కించుకున్నాను. ఎందుకో నీకు తెలుసు. పూణెలో కూర్చుని ఫోన్‌లో మీట నొక్కితే అక్కడ మన ఖేడ్ బస్టాండులో హారన్ మోగుతుంది. బోరంచలో నల్లపోచమ్మ గుడి ముందు బావ చెప్పులు విడుస్తుంటే మోగించింది నేనే. "గీ బండికి ఏదో సోకిందే" అని ఆయన నిమ్మకాయలు కట్టాడని నువ్వు చెప్తే, కడుపునొప్పి వచ్చేదాకా నవ్వాను.

మొన్నటిది మాత్రం నా పని కాదు. బావ బస్సులో పెళ్లికి పోయిన రోజు, ఇంటి ముందున్న బండిలో పొద్దంతా ఏసీ నడిచింది. మర్నాడు ఆయన బ్యాటరీ చూసుకోకుండా బాలింతను ఎక్కించుకున్నాడు. మనూర్ తొవ్వలో బండి ఆగిపోయింది. నాకు ఫోన్ చేశాడు.

"ఎండల పసిపిల్ల ఏడుస్తుంది రా. గిదేం పరాచికం?"

"నేను కాదు బావా."

"మీ అక్క మీద ఒట్టెయ్."

వేశాను. నమ్మలేదు. నీ మీద ఇదివరకు చాలా ఒట్లు వేశాను కదా.

మా షెడ్డు మెకానిక్ శంకర్‌కు నా ఫోన్ చూపించాను. బండిని మూడు ఫోన్లు నడిపిస్తున్నాయన్నాడు. ఒకటి బావది, ఒకటి నాది, మూడోది పాత ఓనర్ పేరు మీదుంది. ఏసీ ఆగినప్పుడల్లా మళ్లీ వేసింది అందులోంచే. పాత ఓనర్‌ను వెతికి పట్టుకున్నాను. ఆయన ఆ ఫోన్ ఎప్పుడో అమ్మేశాడట. ఎవరి చేతుల్లో ఉందో తెలియదు. యాప్ పాస్‌వర్డు కూడా ఎవరో మార్చేశారు, ఆయనకే తెరుచుకోవడం లేదు.

అప్పటి నుంచి నాకు కుదురు లేదు. ఏసీ వేసినవాడు తలుపులూ తీయగలడు. బావ బోరంచలో ఉన్నాడని, ఇంట్లో నువ్వొక్కదానివే ఉన్నావని వాడికి బండే చెప్తుంది. వాడు నాలాంటి కొంటెవాడైతే బతికిపోయాం.

సంగారెడ్డి షోరూముకు బండిని, కాగితాలను, రెండు తాళంచెవులను తీసుకుపొమ్మను. ఫోన్లన్నీ తీసేయించి, బావది ఒక్కటే కొత్తగా ఎక్కించాలి. పాస్‌వర్డుగా బండి నంబరు పెట్టొద్దు. మీ పెళ్లి తేదీ కూడా వద్దు, అది ఆయనకు గుర్తుండదు.

నా ఫోన్ కూడా తీసేయించు. ఉంచుకో అన్నాడు శంకర్. కానీ నా ఫోన్ ఉన్నంతకాలం హారన్ మోగితే మీరు నన్నే తిడతారు. నా చాటున వాడు హాయిగా ఉంటాడు.

ఈ రెండు వరుసలు బావకు చదవకు. హారన్ కొట్టింది నాలుగైదుసార్లే, రోజూ చూసేది ఫోన్‌లో మ్యాపు మీద మీ బండి చుక్కను. అది ఇంటి దగ్గర నుంచి కదిలితే మీరు లేచారనుకుని, నేనూ పనిలోకి పోతాను.

చిన్నమ్మకు, పెద్దబాపుకు దండాలు. బావకు ఈ ఒక్కసారికి మర్యాదగా నమస్కారం. నన్ను దీవించు.

షోరూములో పని అయిందని ఫోన్ చేయకపోయినా ఫర్వాలేదు. చుక్క కనబడకపోతే నాకే తెలుస్తుంది. ఇది రాస్తూ కూడా చూశాను. ఇంకా మీ వాకిట్లోనే ఉంది.

నీ తమ్ముడు,
సాయిలు