కింద రాసిన మాట

ములకలపల్లి,
బుధవారం.

చిరంజీవి లూర్దుకు,

నాన్న దీవించి రాస్తున్నది. నిన్న సాయంత్రం మొదలైన వాన ఇంకా చినుకుగా పడుతూనే ఉంది. పగిలిన పత్తి చెట్టు మీదే తడిసి నల్లబడుతోంది. పొద్దున మీ అమ్మా, నేనూ, పనికి వచ్చిన జంపయ్యా ఏరినంత ఏరి వసారాలో పరిచాము. ఇల్లంతా ముక్కిన వాసన. ప్రభువు దయవల్ల అందరం తిరుగుతూనే ఉన్నాము. మీ అమ్మకు మోకాలు తిరగడం లేదు గాని నోరు తిరుగుతోంది. మీ మఠంలో అందరూ క్షేమమని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. చర్చి గుడికి కప్పు వేశారు. బర్రె ఈనింది, పెయ్యదూడ. ఇక దీవెన సినిమా సంగతి. 'మా అన్న కూతురు సినిమాలో చేసింది' అని అందరికీ చెప్పాననీ, ఆదివారం మదర్ గారి అనుమతితో కలిసి చూస్తామనీ రాశావు. చూడవద్దు. ఎందుకో ఫోన్‌లో చెప్పలేను. అక్కడ నీ పక్కన మదర్ గారు ఉంటారు, ఇక్కడ నా పక్కన దీవెన ఉంటుంది. అందుకే రాస్తున్నాను.

ఆ సినిమావాళ్ల వ్యాను నిన్న పొద్దున మళ్లీ వచ్చి మన గుమ్మం ముందు ఆగింది. రెండో భాగానికి కూడా దీవెనే కావాలట. మీ అన్న జస్టిన్ సరే అన్నాడు. నేను అనలేదు.

ఆ సినిమా పేరు రాయడం నాకు ఇష్టం లేదు. మతి చెదిరిన పిల్ల ఒకతె, ఆమెకు అడవిలో రాక్షసులు కనిపిస్తుంటారు. అంతే కథ. పోయిన ఎండాకాలం మన పాత పశువుల కొట్టంలోనే తీశారు. రాక్షసుల్లో ఇద్దరు స్పాంజి తొడుగులు వేసుకున్నవాళ్లు. ఒకడి వీపు మీద జిప్పు కనిపిస్తూనే ఉంటుంది. నెత్తురు కోసం చికెన్ షాపు నుంచి పేగులు బకెట్లతో తెచ్చి గోడలకు వేలాడదీశారు. వాళ్లు పోయాక కడిగించి సున్నం కొట్టించినా బర్రె లోపలికి పోనని మొరాయించింది. దానికున్న బుద్ధి మీ అన్నకు లేదు.

మూడో రాక్షసుడు మన జంపయ్య. ఆకులు కట్టి మసి పూశారు. తొడుగు అక్కర లేదన్నారు. అతణ్ణి రాక్షసుణ్ణి చెయ్యడానికి వాళ్లకు అది చాలింది.

"తాతా, మీ కోయ భాషలో ఏదైనా అను. వింటే భయం పుట్టాలి" అన్నాడట డైరెక్టరు.

"భయం పుట్టే మాటలు షావుకారు నోట్లె ఉంటయ్ బాబూ. మాకాడ లేవు" అన్నాడట జంపయ్య.

సినిమా ఫోన్లలోకి వచ్చాక జంపయ్య ఇంటి ముందు పత్తి ఏరేవాళ్లంతా కూర్చుని చూశారు. నేనూ ఉన్నాను. ఒకచోట దీవెన నేల మీద పడి కొట్టుకుంటుంది. నోట్లోంచి నురగ. రాక్షసుడు మీదికి వంగి తల పట్టుకుని ఏదో అంటాడు. కింద తెలుగు అక్షరాలు పడతాయి, 'నీ నెత్తురు తాగుతాను' అని. ఆ బొమ్మనే పోస్టరుకు పెట్టుకున్నారు. జంపయ్య అన్న కోయ మాట విని అక్కడి కోయ ఆడవాళ్లు పగలబడి నవ్వారు. జంపయ్య భార్య పుల్లమ్మ నవ్వలేదు.

"గిదేంది, గిట్ల రాసిండ్రు? నువ్వన్నది ఇది కాదు గదా" అంది.

ఏమన్నావని జంపయ్యను అడిగాను.

"భయపడకు బిడ్డా, బువ్వ తిన్నవా, లే ఇంటికి పోదాం అన్న. పిల్ల పడిపోతే ఇంకేమంటరు?"

"పడిపోవడం ఆట కాదా?"

జంపయ్య నా మొహంలోకి చూసి నన్ను పేరు పెట్టి పిలిచాడు. "ఆటేంది, ఆరోగ్యం? ఫిట్సొచ్చింది. నాలిక కరుసుకుంటదని పక్కకు తిప్పి పట్టుకున్న. నీళ్లు తేండ్రి అంటే, తాతా గట్లనే ఉండు, కదలకు అనుకుంట తీసిండ్రు. జస్టిన్ నీకు చెప్పలేదా?"

చెప్పలేదు. ఆ రోజు నేను విత్తనాలకు జూలూరుపాడు పోయాను. పుల్లమ్మ పక్కకు తిరిగి ఉమ్మింది.

ఇంతసేపూ రాయాలా వద్దా అని ఆగింది ఇక్కడే. ఫిట్స్ దానంతట అది రాలేదు. ఫిట్స్ రాకుండా రోజూ ఇచ్చే గోలీలు వేస్తే పిల్ల మొహం నిద్రమొహంగా ఉంటోంది, కళ్లలో భయం రావడం లేదని డైరెక్టరు అన్నాడట. షూటింగ్ అయ్యేదాకా మీ అన్న గోలీలు ఆపించాడు. మీ వదిన వనజ అడిగితే దవాఖానాలో డాక్టరే ఆపమన్నాడని అబద్ధం చెప్పాడు. నేను నిలదీస్తే తల కూడా దించుకోలేదు.

"ఎవలన్న సచ్చిండ్రా నాయనా? యాక్టింగ్ మస్తుందంటాండ్రు అందరు" అన్నాడు.

ఆ పూట వాడి పక్కన కూర్చుని తినలేక కంచం పట్టుకుని కొట్టం దగ్గరికి పోయాను. అక్కడ పేగుల కంపు ఇంకా ఉంది. అన్నం కుక్కకు వేశాను.

దీవెనకు ఏమీ గుర్తు లేదు. బడిలో పిల్లలు మూతికి సబ్బు నురగ పూసుకుని ఎగతాళి చేస్తుంటే, తనను మెచ్చుకుంటున్నారని అనుకుంటోంది. "తాతా, నేను మంచిగ చేసిన్నా?" అని అడిగింది. గోలీ వేసుకో అన్నాను. ఇప్పుడు రోజూ నా ముందే వేసుకుంటోంది.

నిన్న డైరెక్టరు వసారాలోకి వచ్చి ఈసారి డాక్టరును కూడా వెంట పెట్టుకుంటామన్నాడు. జంపయ్యను కూడా రమ్మన్నాడు.

"ఈపారి కింద ఏం రాస్తరు బాబూ?" అని అడిగాడు జంపయ్య. డైరెక్టరు ఫోన్ చూసుకున్నాడు.

లోపల మీ అన్న వనజను జల్దీ సంచి సర్దమన్నాడు. ఆమె సర్ది తెచ్చి గడపలో పెట్టింది. వాడు తెరిచి చూశాడు.

"ఏందిది, అన్నీ నా బట్టలే ఉన్నయ్? పాపయి ఏవి?"

"పాప వస్తలేదు" అంది వనజ.

వాడు నా వైపు చూశాడు. "నువ్వన్న చెప్పు నాయనా. దునియా మొత్తం చూస్తది దాన్ని."

"చూసింది చాలు. అంతగనం కావాల్నంటె నువ్వే కింద పడి నురగ కక్కు. తండ్రిపోలికేనని జనం నమ్ముతరు" అన్నాను.

దీవెన జంపయ్య పక్కన పత్తిలో గింజ ఏరుతూ కూర్చుని ఉంది. జంపయ్య దాని తల మీద చెయ్యి వేశాడు. పోస్టరులో ఉన్న చెయ్యి అదే.

మీ సిస్టర్లు ఎవరైనా ఇప్పటికే చూసి ఉంటే, కింద రాసింది అబద్ధమనీ, జంపయ్య అసలు ఏమన్నాడో అదీ చెప్పు. మిగతాది నీకు తెలిస్తే చాలు.

వ్యాను నిన్న మధ్యాహ్నం, వాన పట్టకముందే వెళ్లిపోయింది. జస్టిన్ అందులో పోయాడు.

ఇట్లు,
మీ నాన్న,
ఆరోగ్యం.