మేక ఈనిన సాయంత్రం

తాండూరు, 1983. మంగళవారం రాత్రి.

ఈరోజు మట్కా మీద మేమే గెలిచాం, ఒక్క పైసా కట్టకుండా.

తమ్ముడు మల్లేశానికి బస్సు వస్తుంటే ముందు దాని నంబరే కనబడేది. కలలోకి అమ్మ వస్తే ఆమె చేతి గాజులు లెక్కపెట్టి, తెల్లారి మట్కా జూదంలో ఆ నంబరు మీద డబ్బు కట్టాడు. మేమంతా కలిసి వాడి బిడ్డ తలమీద ఒట్టు పెట్టించాం. ఒట్టు తప్పాడు. తప్పానన్న సిగ్గుతో మళ్లీ ఆడాడు. వైద్యం చేస్తున్నామనుకుని మేం జబ్బును మేపాం.

వికారాబాదు డాక్టరు సంగతంతా విని, "ఇది మనసుకొచ్చిన జబ్బు, బుద్ధి తక్కువై కాదు. ఒట్లు ఆపండి. నంబరు కట్టే వేళకు ఎవరైనా తోడు కూర్చోండి" అన్నాడు. అప్పటినుంచి రోజూ సాయంత్రం వాడి దగ్గర నేనే కూర్చుంటున్నా. నా జోకులు భరించడం కూడా వైద్యమే అనుకుంటా.

ఇవాళ సరిగ్గా ఆ వేళకే వాళ్ల మేక మూడు పిల్లల్ని ఈనింది. ఇదివరకైతే మూడు అనగానే ఆ నంబరు కట్టడానికి అంగీ తొడిగేవాడు. వాడు లేచి వాకిలి వైపు నడిచేసరికి నా నోట్లో జోకు ఎండిపోయింది.

"ఏడికిరా?"

"గోనెసంచి తెస్త అన్నా. గా చిన్నది వణుకుతున్నది, తుడవాలె."

మరదలు వంటింట్లోంచి అడిగింది. "ఎన్ని పుట్టినయి?"

"నువ్వే వచ్చి లెక్కవెట్టుకో. నా చేతులు ఖాళీ లెవ్వు," చిన్నదాన్ని గోనెసంచితో తుడుస్తూ అన్నాడు మల్లేశం.

రేపూ సాయంత్రం వస్తుంది. భయం పోలేదు. జోకులు కూడా అయిపోవచ్చాయి, కొత్తవి వెతకాలి...