తగరంతో చేస్తాను సార్

గౌరవనీయులైన సార్‌కు నమస్కారాలు.

వెలుతురును పసిగట్టే మన డిటెక్టర్ కోసం గ్రాఫీన్ అనే పలుచని కార్బన్ పొర మీద సీసం స్ఫటికాలు పూసే పని నుంచి నన్ను తప్పించమని అడగడానికి ఇది రాస్తున్నాను. ఎదురుగా నిలబడితే నాకు మాట రాదు. సీసానికి బదులు తగరంతో చేస్తాను. దానితో చేస్తే డిటెక్టర్ వెలుతురును అంత బాగా పసిగట్టదనీ, గాలి తగిలితే త్వరగా పాడవుతుందనీ తెలుసు. దానివల్ల మన పరిశోధన పేపర్ ఆలస్యమైతే నా పేరు చివర వేయండి.

మొన్న తార్నాకలో డాక్టరమ్మ ఏం పని చేస్తావని అడిగింది. సీసం అన్న మాట దగ్గర ఆమె పెన్ను ఆగిపోయింది. "అది ముట్టకుండ నీ చదువు అయితదా బిడ్డా?" అంది.

నాకు మూడో నెల. మా ఆయనకు తప్ప ఎవరికీ చెప్పలేదు. మీరూ ఎవరితో అనకండి.

నాకన్నా ముందు ల్యాబులో ఈ సీసం బల్ల దగ్గర పూర్ణిమక్క పనిచేసేది. "సీసం లేకపోతే మన డిటెక్టర్ గుడ్డిదే కదమ్మా, ఇంకొన్నాళ్లు ఓపిక పట్టు" అని మీరంటే ఓపిక పట్టింది. ఆమెకు కడుపు పోయింది. సీసం వల్లనేనని ఎవరూ అనలేదు, కాదనీ అనలేదు. ఆమె క్యాంపస్ వదిలి వెళ్లిన వారమే, పొగను బయటికి లాగే ఫ్యాను బాగుచేయిస్తానని మీరు మా అందరికీ మాటిచ్చారు.

ఈరోజు పొద్దున కూడా స్విచ్ వేసి చూశాను సార్. అది తిరగలేదు.

మీ విద్యార్థిని