ఖాళీ మంచం కొలత

శ్రీవారికి నమస్కారాలు.

ఇక్కడ నేనూ, అక్కా, అక్కకు వేసిన కొత్త మోకాలూ క్షేమం. అక్కడ మీరూ, అత్తయ్యా, మరిదీ కులాసాగా ఉన్నారని తలుస్తాను. మీ ఉత్తరం అందింది. అక్క ఇప్పుడు కర్ర పట్టుకుని వంటింటి దాకా నడిచొచ్చి, నా వంటకు వంకలు పెట్టి మరీ వెళుతోంది. అంటే కోలుకున్నట్టే.

మీరడిగిన వాటికి జవాబులు. దుప్పట్లు అటక మీద ఉన్నాయి. అత్తయ్య కళ్ళజోడు ఎప్పటిలాగే ఆవిడ తలమీదే ఉండి ఉంటుంది, చూడండి. మీ రసమట్టం కనిపించడం లేదని, దానికోసం ఇల్లంతా తిరగేశానని రాశారు. ఆ సంగతి చివర్లో చెబుతాను, కంగారు పడకండి.

మీ చేత తలుపులు చేయించుకుంటున్న ఆ పెద్దమనిషి సంగతి చదివి నాకూ ఒళ్ళు మండింది. చెక్క ఇంకా పచ్చిగా ఉంది, ఆరనివ్వకపోతే తలుపు వంగిపోతుందని మీరు మొత్తుకుంటే, "అన్నీ నీ అనుమానాలేనయ్యా, పైకి బాగానే ఉందిగా!" అన్నాడా? రోజూ చెక్కను చేత్తో పట్టుకునేవాడి మాటకు ఆ మాత్రం విలువ లేదా అని మీరు రాసింది అక్కకు కూడా చదివి వినిపించాను. తర్వాత ఇద్దరం కడుపుబ్బ నవ్వుకున్నాం. ఎందుకో చెబుతాను.

మన మంచం గురించి. పెళ్ళికి మీరు స్వయంగా చేసిన మంచం, వచ్చినవాళ్ళంతా తడిమి తడిమి మెచ్చుకున్న మంచం. అది మీ వైపుకు వాలుతోందనీ, రాత్రంతా అంచు పట్టుకుని పడుకుంటున్నాననీ, అందుకే పొద్దున్నే నడుం పట్టేస్తోందనీ ఎన్నిసార్లు చెప్పాను! మొదటిసారి, "నా మీద ప్రేమ ఎక్కువై దొర్లుకొస్తున్నావ్, మంచమేం చేస్తుంది పాపం?" అన్నారు. నేనూ నవ్వాను. మళ్ళీ చెబితే వాలు ఉందో లేదో తేలుస్తానని రసమట్టం తెచ్చి మంచం మీద పెట్టారు. గాజుగొట్టంలో బుడగ సరిగ్గా మధ్యలో నిలబడింది. దాన్ని ఇంటిల్లిపాదినీ పిలిచి చూపించారు. అత్తయ్య వంగి చూసి, "మంచం తిన్నగానే ఉందే అమ్మాయ్, నీ నడుమే వంకరేమో" అన్నారు. ఇక మరిది సరేసరి, ఇంటికి ఎవరొచ్చినా ఇదే కథ. ఆఖరికి డాక్టరు కూడా మీరు చెప్పిన బుడగ కథ విని నాకు బలానికి మందు రాసిచ్చాడు. ఆ బుడగకున్న పలుకుబడి మన ఇంట్లో నాకు లేకపోయింది.

ఇక్కడికి వచ్చిన రోజు అక్కతో, "మంచం మీద పడుకుంటే నాకు నడుం పట్టేస్తుందక్కా" అన్నాను. ఎందుకని కూడా అడగలేదు. "అయితే కింద పరుచుకోవే" అంటూ కర్రతో బీరువా పక్కనున్న పరుపు చూపించింది. ఆ ఒక్క మాటకు నాకు ఏడుపొచ్చేసింది. నడుం నొప్పి ఇప్పుడు లేదు. మందు సీసా మూత కూడా తీయలేదు.

మీకు చెప్పకుండా దాచిన సంగతి ఒకటుంది. నేను బయల్దేరే ముందు ఆదివారం భోంచేసి మీరు మంచం మీద గుర్రు పెడుతుంటే, మీ పనిముట్ల సంచిలోంచి రసమట్టం తీసి నేను పడుకునే చోట పెట్టాను. బుడగ ఒక్క ఉదుటున, ఎత్తుగా ఉన్న నా అంచు వైపుకు పరిగెత్తింది. మీరు నీళ్ళకోసం లేచి వెళ్ళగానే బుద్ధిగా మధ్యకు వచ్చేసింది. మీ బరువుకు మీ వైపు పట్టీ దిగిపోతోంది. మీరెప్పుడూ ఖాళీ మంచాన్నే కొలిచారు.

అప్పుడే పిలిచి చూపించేదాన్నే. నోటిదాకా వచ్చింది కూడా. చూపిస్తే ఠక్కున నమ్మేవారు. కానీ మీరు నమ్మేది బుడగని, నన్ను కాదు. ఇన్నేళ్ళ కాపురం తర్వాత నా నడుం నొప్పికి సాక్షి కావాలా అని రోషం వచ్చింది. అందుకే నోరు మూసుకుని, సాక్షిని వెంటబెట్టుకుని వచ్చేశాను. మీ రసమట్టం నా పెట్టెలో, చీరల మధ్య భద్రంగా ఉంది.

ఎప్పుడొస్తున్నావని అడిగారు. అక్క కర్ర పక్కన పెట్టేయగానే వద్దామనే ఉంది. ఈలోగా ఆ మంచం విప్పి, మీ వైపు పట్టీ మార్చండి. ఇంకొకరి దగ్గర రసమట్టం అడిగి తెచ్చి, అత్తయ్యను పడుకోబెట్టి కొలవడాలు వద్దు. నేను చెప్పానని విప్పండి. విప్పానని ఒక్క ముక్క రాయండి చాలు. నిజమా అని అత్తయ్యను కూడా అడగను. మీ మాట మీద బయల్దేరి వచ్చేస్తాను.

ఇట్లు,
మీ ఇల్లాలు