నువ్వు సాన పట్టిన ఉలి

చిట్టితల్లికి నాన్న దీవెనలు. నేను కులాసా. పది వేళ్లూ పదిలంగానే ఉన్నాయని అమ్మతో చెప్పు.

గిన్నెల లోపల చెక్క తొలిచే నీ గాడి ఉలిని వచ్చేటప్పుడు నిన్ను అడగకుండా సంచిలో పెట్టుకున్నాను. వెతుక్కునే ఉంటావు. మొన్న నేను పనికి చేరిన ఇక్కడి కార్ఖానాలో, చెక్కను తిప్పే లేతు మీద దానితో గిన్నె తొలుస్తుంటే చెక్క వెన్నలా వచ్చింది. మేస్త్రీ ఉలి అంచు వేలితో తడిమి చూసి, "ఈ సాన ఎవరు పట్టారయ్యా?" అన్నాడు. "నేనే" అన్నాను. నోరు జారి కాదు, కావాలనే అన్నాను.

మర్నాడు తన ఉలి తెచ్చి నా చేతిలో పెట్టాడు. పనివాళ్లంతా చుట్టూ చేరారు. నీలా వంపు తిప్పుతూ సాన పట్టడం నాకు చేతకాలేదు. అంచు కాస్తా మాడి నల్లబడింది.

"నిన్నటి పనితనం ఏమైందయ్యా?"

"అది మా అమ్మాయిదండీ."

"మరి నిన్న ఆ మాట నోట రాలేదేం?"

తల కొట్టేసినట్లయింది. నీ గిన్నెలను నావని చెప్పి అమ్మిన ఇన్నేళ్లలోనూ ఆ మాట నా నోట రాలేదు కదమ్మా.

ఉలి పార్సిల్‌లో పంపుతున్నాను. ఆ సాన ఎలా పడతావో నాకు వివరంగా రాయి. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? లేతు బెల్టు మార్పించారా?

ఇదంతా కవరులో రాయవచ్చు. కావాలనే కార్డు మీద రాశాను. మన పోస్టుమాన్ చదవకుండా ఇవ్వడు, చదివాక వీధంతా చెప్పకుండా ఉండడు. చెప్పనీ.

నీ చెయ్యి చల్లగా ఉండాలి.

నాన్న